నాన్నగారి ఇల్లు ఖాళీ చేయించిన లెక్క

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి, ఉదయం ఏడు గంటలకు, మునిసిపాలిటీ శానిటరీ జవాను మా గేటు ముందు నిలబడి మా నాన్నగారిని పేరు పెట్టి పిలిచాడు. ఆయన పోయి అప్పటికి పది నెలలు. జవాను చేతిలో మట్టి కొట్టుకుపోయిన కరెంటు బిల్లు ఉంది, 2009 నాటిది.

"చెరువు గట్టు మీద ఇటుక ముక్కల కుప్పలో దొరికిందమ్మా. ఈ చిరునామా మీదే కదా?"

మాదే. ముందు రోజు సాయంత్రం ఒక ట్రాలీ ఆటో అతన్ని "అన్నీ కలిపి ఎంత?" అని అడిగాను. పెరట్లో కూలగొట్టిన పాత స్నానాల గది ఇటుకలు, చిరిగిన పరుపులు, కొన్ని కొబ్బరి మట్టలు, కాగితాల మూటలు గంపగుత్తగా అప్పజెప్పాను. "మీరేమీ దిగులు పడకండమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. చూసుకున్నాడు. రెండు వీధుల అవతల చీకట్లో దించేసి వెళ్లిపోయాడు. జరిమానా నేను కట్టాను. ఎంత కట్టానో మా తమ్ముడికి ఇప్పటికీ చెప్పలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకు కౌంటరులో నోట్లు లెక్కపెట్టినదాన్ని. ఒకసారి మోసపోయాక లెక్కల పుస్తకం తెరవకుండా ఉండలేను. హైదరాబాద్ వనస్థలిపురంలో 1984లో కట్టిన ఆ ఇంటిని తర్వాతి మూడు వారాల్లో ఎలా ఖాళీ చేయించానో ఆ పుస్తకం చూసే రాస్తున్నాను. తల్లిదండ్రుల ఇల్లు ఖాళీ చేయాల్సిన వాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు. "మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అందరూ అడిగేదే. మనిషి దొరుకుతాడు. ఏ పనికి ఏ మనిషి అన్నదే తేల్చుకోవాలి. అన్నీ నేనే తీసుకెళ్తానన్నవాడికి మాత్రం ఏదీ ఇవ్వకండి.

ముందు సుద్దముక్క

ఎవరికీ ఫోను చేయకముందే హాలు నేల మీద సుద్దముక్కతో మూడు పెద్ద గళ్లు గీశాను. ఒకటి అమ్మేది, ఒకటి ఎవరికైనా ఇచ్చేది, ఒకటి మోయించి పారేయించేది. నాలుగోది గడి కాదు, మెట్ల కింద చిన్న గది. దానికి తాళం. అది ముట్టుకోకూడని వాటికి.

నాలుగు రోజులు ఒక్కదాన్నే సర్దాను. కూలీలను పిలిచి వాళ్ల ముందు "ఇది ఉంచుదామా, తీసేద్దామా" అని ఆలోచిస్తూ కూర్చుంటే ఆ ఆలోచనకు కూడా మీరే కూలి ఇస్తారు. అమ్మే గడిలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ ఫోటో తీసి తోబుట్టువులకు పంపి, ఆదివారం రాత్రి వరకు గడువు పెట్టాను. మా తమ్ముడు నాన్నగారి కుట్టు మిషను అడిగాడు. నాన్నగారికి కుట్టు మిషనే లేదు, అది పక్కింటివాళ్లది, 1996లో తెచ్చి తిరిగి ఇవ్వలేదు. అది ఇచ్చే గడిలోకి వెళ్లింది.

కాగితాలను మాత్రం ఎవరికీ వదలకండి. పాత పాసు పుస్తకాలు, ఆధార్ జిరాక్సులు, ఆసుపత్రి చీటీలు అన్నీ పేరున్న భాగం చింపి నీళ్ల బకెట్టులో నానబెట్టాను. ఎందుకో జవాను నేర్పాడు.

పాత సామాన్ల అతనే మొదట రావాలి

కూలీల కంటే ముందు పాత సామాన్లు కొనే అతన్ని పిలవండి. మోయాల్సిన బరువు సగం తగ్గుతుంది, అతనిచ్చే డబ్బు కూలికి సరిపోతుంది. ఇద్దరిని వేర్వేరు రోజుల్లో పిలిచి ధర కనుక్కున్నాక మూడో అతనికి ఇచ్చాను. ఇనుము, అల్యూమినియం, ఇత్తడి, రాగి, పుస్తకాలు, అట్టలు ఏ రకానికి ఆ రకం విడిగా పెట్టి కిలో ధర అడగండి. "లాటుగా ఇచ్చేయండి" అంటే మీ ఇత్తడి బిందెలు ఇనుము ధరకు పోతున్నాయని అర్థం.

ఇక కాటా. పాత సామాన్ల వ్యాపారమంతా ఆ వేలాడే కాటాలోనే ఉంది. మీ ఇంట్లో ఖాళీ గ్యాసు సిలిండరు ఉంటే చాలు. ప్రతి సిలిండరు పైన ఖాళీ బరువు రాసి ఉంటుంది. మా దాని మీద 15.7 కిలోలని ఉంది. బేరం కుదిరాక, తూకం మొదలుపెట్టే ముందు, "ఒకసారి దీన్ని తగిలించు బాబూ" అన్నాను. కాటా 13.2 చూపించింది. అతను కాటా వంక చూశాడు, నా వంక చూశాడు. "బ్యాటరీ అయిపోయినట్టుందమ్మా" అని సంచిలోంచి ఇంకో కాటా తీశాడు. అది 15.9 చూపించింది. అడుగున మిగిలిన గ్యాసు బరువు కూడా కలుస్తుంది కాబట్టి అది సరైన లెక్కే. రెండు కాటాలు ఎందుకు మోస్తున్నావని నేను అడగలేదు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య చాలా మర్యాద నడిచింది.

అతనికి ఇవ్వకుండా ఆపినవి రెండు. ఒకటి పాత డబ్బా టీవీ. లోపలి రాగి తీగ కోసం దాన్ని బద్దలు కొట్టి, సీసం కలిసిన గాజును ఖాళీ స్థలంలో పడేస్తారు. రెండోది ఇన్వర్టరు బ్యాటరీ. సీసం పలకలు తీసుకుని ఆమ్లాన్ని మురికి కాలువలో వంచేస్తారు. టీవీ, చెడిపోయిన కంప్యూటర్, చార్జర్లు, తీగలు ఎలక్ట్రానిక్ వ్యర్థాల కిందికి వస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్లే వాటిని తీసుకోవాలి. ఫోను చేస్తే బండి పంపేవాళ్లు నగరంలో ఉన్నారు. నమోదు వివరాలు అడగండి, రసీదు అడగండి. కంప్యూటరులోంచి హార్డ్‌డిస్కు ముందే తీయించండి. బ్యాటరీ సంగతి ఇంకా తేలిక. కొత్తది అమ్మే దుకాణం పాతది తీసుకుని ధర తగ్గిస్తుంది. నిలువుగానే ఉంచి పంపండి, పడుకోబెడితే ఆమ్లం కారుతుంది.

అడ్డా, మేస్త్రీ, కూలి

మా దగ్గర కూడలిలో ఉదయం ఆరున్నరకే మనుషులు పార, గడ్డపార, తట్టలతో వచ్చి నిలబడతారు. ఎనిమిదికల్లా పని తెలిసినవాళ్లందరూ వెళ్లిపోతారు, అందుకే ఏడింటికే వెళ్లాను. మేస్త్రీతో మాట్లాడి ముగ్గురు మగవాళ్లను, ఒక ఆమెను కుదుర్చుకున్నాను.

రోజు కూలా, గుత్తా? ఇంటి లోపలి పనికి రోజు కూలి, పెరటి పనికి గుత్త అన్నది నేను తేల్చుకున్న పద్ధతి. లోపల గుత్తకు ఇస్తే పని త్వరగా తెమలాలని బీరువాను మెట్ల మీద ఈడ్చేస్తారు, గోడలు గీసుకుపోతాయి, సొరుగులో ఉన్నది సొరుగుతోపాటే పోతుంది. పెరడు రోజు కూలికి ఇస్తే ఒక రోజు పని మూడు రోజులకు సాగుతుంది. మాట్లాడుకునేటప్పుడే నాలుగు సంగతులు తేల్చండి: పనిముట్లు ఎవరివి, మధ్యాహ్నం భోజనం ఎవరిది, కుప్ప గేటు బయట పెట్టడంతో పని అయిపోయినట్టా, బండికి ఎత్తాకా, మేస్త్రీకి విడిగా ఏమైనా ఇవ్వాలా. ఇవి చెప్పకుండా వదిలేస్తే నాలుగూ సాయంత్రం గొడవలవుతాయి.

మేస్త్రీ మగవాళ్లకు 900, ఆమెకు 600 చెప్పాడు. రోజంతా చూశాను. ఇటుకల తట్టలు ఆమె ఎత్తినన్ని తక్కిన ముగ్గురిలో ఒక్కడూ ఎత్తలేదు. సాయంత్రం నలుగురికీ 900 ఇచ్చాను. మేస్త్రీ "రేపటి నుంచి అందరూ ఇలాగే అడుగుతారమ్మా" అన్నాడు. అడగనివ్వండి. సమాన పనికి సమాన వేతనమన్న చట్టం 1976లోనే వచ్చింది.

తోలు చేతి తొడుగులు నాలుగు జతలు, మూతికి మాస్కులు నేనే కొన్నాను. చెప్పుల్లేకుండా వచ్చిన అతనికి నాన్నగారి పాత బూట్లు సరిపోయాయి. ముందుగా డబ్బు అడిగితే నాలుగో వంతుకు మించి ఇవ్వకండి.

పెరడు

ఎనిమిదేళ్లుగా ఎవరూ కదిలించని పెరడు. కొబ్బరి మట్టలు, మునగ కొమ్మలు, కాగితాల పూల తీగ, మూలన ఇటుకల దొంతి. ఇటుకల్లో, ఎండు మట్టల కింద చేయి పెట్టే ముందు పొడవాటి కర్రతో తట్టించండి, ఎండ బాగా వచ్చాక మొదలుపెట్టించండి. మాకు మూడు తేళ్లు, ఒక జెర్రి కనిపించాయి. పాము కనిపిస్తే కొట్టనివ్వకండి, పని ఆపించి దూరంగా నిలబెట్టి, పట్టేవాళ్లను పిలవండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఈ పని ఏళ్లుగా చేస్తున్నారు.

ఆకులు పోగేసి అంటించడానికి ఒకతను అగ్గిపెట్టె తీశాడు. ఆపాను. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. నాకు అప్పటికే ఒక జరిమానా చాలు. ఆకులు పెరటి మూల గుంటలో వేసి మట్టి కప్పించాను. లావు కొమ్మలు కట్టెల అడితి అతను ఎత్తుకెళ్లాడు. కొబ్బరి మట్టలను పని చేసిన ఆమె అడిగి తీసుకుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక నీడలో కూర్చుని చిన్న కత్తితో ఈనెలు చీరడం మొదలుపెట్టింది. ఎడమ కాలి బొటనవేలి కింద ఆకు నొక్కిపెట్టి, కత్తి కదలకుండా ఆకునే లాగుతోంది. అరగంటలో ఒక చీపురు కట్టింది. మొదటి రోజు ఇలాంటి మట్టలనే ఆటోకు ఎత్తించడానికి డబ్బులిచ్చానని గుర్తొచ్చి నవ్వొచ్చింది.

చెట్టు మొత్తంగా కొట్టించాలంటే మాత్రం మేస్త్రీ "ఏమీ కాదమ్మా" అన్నా వినకండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది, అటవీ శాఖ అనుమతి అడగాలి. ఎండిన మా మామిడి చెట్టు కోసం దరఖాస్తు పెట్టాను, చెట్టు ఇంకా నిలబడే ఉంది.

ఇటుకలు, సిమెంటు పెళ్లలు, టైల్స్ ముక్కలు మామూలు చెత్తలో కలపకూడదు. వాటికి 2016 నుంచి విడిగా నిబంధనలున్నాయి. మా వైపు నుంచి ఫతుల్లాగూడ దగ్గర, అటువైపు జీడిమెట్లలో శిథిలాలను నలగగొట్టి ఇసుకగా, కంకరగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి. రెండోసారి బండి మాట్లాడినప్పుడు డ్రైవరుతో ఒకటే మాటన్నాను: "సగం డబ్బు ఎత్తినప్పుడు, మిగతా సగం అక్కడి తూకం చీటీ తెచ్చినప్పుడు." ఇద్దరు డ్రైవర్లు ఆ మాట విని వెళ్లిపోయారు. వాళ్లు ఎక్కడ దించుతారో నాకు అప్పుడే తెలిసిపోయింది. మూడో అతను 300 ఎక్కువ అడిగి ఒప్పుకున్నాడు. బండి నంబరు కనిపించేలా, సరుకుతో సహా, ఫోటో తీశాను. సాయంత్రానికి చీటీ వచ్చింది, పుస్తకంలో అంటించాను.

తాళం వేసిన గది

ఇక్కడ ఎవరికీ గుత్త లేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అటక మీద బియ్యపు డ్రమ్ము వెనక గమాక్సిన్ పొడి పొట్లం ఒకటి దొరికింది. అమ్మ చీమలకు చల్లేది. మన దేశంలో దాన్ని నిషేధించి పాతికేళ్లు దాటింది. తాతగారి పొలం రోజుల నాటి ఎండ్రిన్ డబ్బా ఒకటి, మూత తుప్పు పట్టి. బీరువా వెనక పదకొండు ట్యూబులైట్లు, సగం ఎండిన రంగు డబ్బాలు, నాన్నగారి ఇన్సులిన్ సూదులు, పాదరసం థర్మామీటరు, ఉబ్బిన ఫోను బ్యాటరీ, గడువు దాటిన మందులు ఒక సంచి నిండా.

పురుగుమందు డబ్బాను తెరవకండి, కడగకండి, వంచకండి. పేరు కనిపించేలా ఉంచి, రెండు మందపాటి కవర్లలో మూతి కట్టి, నిలువుగా ఒక బకెట్టులో పెట్టండి. మందులు మరుగుదొడ్డిలో పోయకండి. సూదులను మూత బిగిసే మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి "సూదులు" అని రాయండి. విడిగా చెత్తలో పడేస్తే అవి గుచ్చుకునేది చెత్త ఏరే పిల్లల చేతికి. నాన్నగారికి వైద్యం చేసిన నర్సింగ్‌హోమ్‌లో అడిగితే సీసా తీసుకున్నారు.

ట్యూబులైట్లను పాత చీరలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి, వాటిలో కొద్దిగా పాదరసం ఉంటుంది. సర్దుతుంటే ఒకటి నా చేతిలోనే పగిలింది. కిటికీలు తెరిచి పావుగంట బయట నిలబడ్డాను. తర్వాత చీపురు వాడకుండా రెండు అట్టముక్కలతో గాజు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది తీసి, మూత ఉన్న సీసాలో వేశాను. చీపురుతో ఊడిస్తే పొడి గదంతా పరుచుకుంటుంది.

వంటింటి వసారా మీద సిమెంటు రేకులు ఉన్నాయి, ఆస్‌బెస్టాస్‌వి. వాటిని ఇప్పటికీ అమ్ముతున్నారు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. పగలగొట్టినప్పుడు లేచే ధూళే ఊపిరితిత్తులకు చేటు. మేస్త్రీ సుత్తి తీసుకుని పైకి ఎక్కబోతుంటే దింపాను. పైపుతో నీళ్లు కొట్టించి, బోల్టులు విప్పించి, రేకు రేకుగా దింపించాను. సగం రోజు ఎక్కువ పట్టింది. కూలీల్లో ఒకతను బాగున్న నాలుగు రేకులు తన ఇంటికి అడిగాడు. ఆ సాయంత్రమంతా ఆలోచించాను. అతని ఇంటి పైకప్పు టార్పాలిన్. పగలని రెండు ఇచ్చాను, కోయవద్దని, రంధ్రాలు చేయవద్దని చెప్పి. అది సరైన పనేనా అని ఇప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది.

గదిలో పట్టనిది ఇంకొకటి, సెప్టిక్ ట్యాంకు. "మా వాడు దిగి ఒక గంటలో తీసేస్తాడమ్మా, 2,000 ఇవ్వండి" అన్నాడు మేస్త్రీ. ఆ కుర్రవాడికి ఇరవై ఏళ్లుండవు, అప్పటికే చొక్కా విప్పుతున్నాడు. తొడుక్కోమన్నాను. ట్యాంకులో చేరే విషవాయువు రెండు మూడు పీల్పులకే మనిషిని పడేస్తుంది, కాపాడటానికి దిగిన రెండోవాడూ పైకి రాడు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరం, దింపిన ఇంటివాళ్లకూ జైలు ఉంది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ట్యాంకు శుభ్రం చేయించడానికి 14420 హెల్ప్‌లైన్ నంబరుకు ఫోను చేయండి, లేదా పీల్చే గొట్టం ఉన్న ట్యాంకరు లారీని పిలవండి. మూత తీశాక దగ్గర బీడీ వెలిగించనివ్వకండి.

తాళం గదిలోని మిగతావాటి కోసం చెత్త తీసుకెళ్లడానికి రోజూ వచ్చే స్వచ్ఛ ఆటో అతన్ని అడిగాను. ఇంటి ప్రమాదకర వ్యర్థాలను మనం విడిగా ఇవ్వాలని, వాళ్లు విడిగా తీసుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. అతను "ఇటివ్వండమ్మా" అని తడిచెత్త మీద వేయబోయాడు. ఇవ్వలేదు. వార్డు ఆఫీసుకు రెండుసార్లు వెళ్లి, గదిలో ఉన్నవాటి జాబితా ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకుని వచ్చాను. పదకొండు రోజులు ఆ తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంది.

పన్నెండో రోజు విడి డబ్బా తీసుకుని జవాను వచ్చాడు, ఆ కరెంటు బిల్లు తెచ్చినతనే. చేతి తొడుగులు వేసుకుని ఎండ్రిన్ డబ్బాను జాగ్రత్తగా ఎత్తి డబ్బాలో పెట్టాడు. మూత బిగిస్తూ తలెత్తి అడిగాడు.

"ఇందులో నాన్నగారి కాగితాలేమీ లేవు కదమ్మా?"